పళ్ళెం అందని మిద్దె

ఆ ఆదివారానికి చెంచురామయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తియ్యాలి. లేచి కాఫీ తాగాలి. పొద్దువాలే వేళకు మిద్దె మీద పడక్కుర్చీ వేసుకుని, ఎగ్జిబిషనులోకి కొత్తగా వచ్చిన మనిషి ఒంటికి నిప్పంటించుకుని నిచ్చెన కొసనుంచి నీళ్ళతొట్టిలోకి దూకుతుంటే చూడాలి. దీనికంతటికీ కావలసింది ఒక్క కుర్చీ. అది ఇంట్లోనే ఉంది.

ఆయన భార్య వెంకటశేషమ్మకు కూడా ఆ పథకం నచ్చింది. దూకేవాణ్ణి చూడాలని ఆమెకూ ఉంది. చూసి వచ్చినవాళ్ళ నోట విని తృప్తిపడే వయసు దాటిపోయిందని ఆమె ఈ మధ్యే అనుకుంటోంది.

వాకాటి దగ్గర పల్లెలో ఉన్నన్నాళ్ళూ ఆమె చూసిన వినోదమంతా అదే. పక్క ఊళ్ళో తోలుబొమ్మలాట పెట్టినా, గూడూరికి సర్కసు వచ్చినా, "అంత దూరం పొయ్యేదెందుకే? పొయినోళ్ళు పొద్దున్నే వచ్చి చెప్తారు గదా" అనేవాడు చెంచురామయ్య. పొయినవాళ్ళు వచ్చి చెప్పేవారు. ఏనుగు ఎంత ఎత్తో చేతులు పైకెత్తి చూపించేవారు. ఆమె చేతులవంక చూసేది.

అలాంటివాడు పొలం కౌలుకిచ్చి, నెల్లూరులో ధాన్యం మిల్లులో గుమాస్తాగా కుదిరాక, ఇల్లు వెతికిన తీరే వేరు. ఎవరైనా బావి చూస్తారు, వంటగది చూస్తారు. ఆయన తిన్నగా మిద్దె ఎక్కాడు. ఎక్కి చూస్తే ఎదురుగా ఎగ్జిబిషను మైదానం. కింద నాలుగు వీధులు కలిసే చోటు. గంగిరెద్దులవాడైనా, పగటివేషగాళ్ళైనా, గారడీవాడైనా డోలు దించేది అక్కడే. చెంచురామయ్య అప్పుడే కిందికి దిగి ఇంటాయనతో మాట ఖాయం చేసుకున్నాడు. బావినీళ్ళు ఉప్పని చేరిన రోజున తెలిసింది. తాగే నీళ్ళు వీధి చివర పంపునుంచి మోసుకు రావాలి. మోసేది వెంకటశేషమ్మ గనక ఆయనకు అదొక లోపంగా కనిపించలేదు.

కానీ ఒక్క మాట చెప్పుకోవాలి. కొత్త ఇంట్లో ఆయన చెయ్యి ధారాళమైంది. "చూడవే! ఎంతసేపైనా చూడు! మనల్ని అడిగేదెవురు?" అని రోజూ తానే పిలిచి కూర్చోబెట్టేవాడు. ఆమె నిజంగానే సంతోషపడింది. గంగిరెద్దు తల ఊపితే నవ్వేది. గారడీ హజరత్తయ్య కొడుకును బుట్టలో పెట్టి కత్తులు దూస్తే కళ్ళు మూసుకునేది. ఆట ముగిశాక హజరత్తయ్య సత్తుపళ్ళెం పట్టుకుని గుండ్రంగా తిరిగి, చివరికి తల పైకెత్తి, "మిద్దెమింది మారాజా! తమరి దయ!" అని కేకేసేవాడు. మారాజు అప్పుడు ఆకాశంలో వానమబ్బులు వెతికేవాడు. చిత్తకార్తెలోనూ వెతికేవాడు, నడివేసవిలోనూ వెతికేవాడు. వెంకటశేషమ్మ ఏదో పని ఉన్నట్టు కిందికి దిగి, పెరటి తలుపు దగ్గర హజరత్తయ్య జోలెలో దోసెడు బియ్యం పోసి వచ్చేది.

ఎగ్జిబిషను వచ్చాక ఆమెకు ఒక కోరిక పుట్టింది. మైదానం మధ్యలో పెద్ద రాట్నం పెట్టారు. పెట్టెల్లో జనం కూర్చుంటే అది ఆకాశంలోకి తీసుకుపోయి తెస్తుంది. దీపాలు పెట్టాక దాన్ని చూస్తుంటే ఆమెకు కాళ్ళు నిలిచేవి కావు.

"ఒక్కసారి ఎక్కి చూద్దామా?" అని అడిగింది.

చెంచురామయ్య జాలిగా చూశాడు. "పిచ్చిదానా, ఎక్కినోడికి రాట్నం కనపడుతుందా? వాడికి కనపడేది ముందుపెట్టెలో ఉండేవోడి వీపు. మనకు మొత్తం రాట్నమే కనపడుతుండాది. ఎవురిది లాభం?"

లాభం లెక్క తేలినంతమాత్రాన ఆమె కోరిక పోలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. చెంచురామయ్య భోజనం చేసి, కునుకు తియ్యకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. అలా నిలబడ్డాడంటే ఏదో ఉందన్నమాట.

"సాయంత్రం మిల్లు ఓనరుగారు వస్తుండారు. భార్యతో కూడా."

"మనింటికా? ఎందుకు?"

"నిన్న మాటల్లో చెప్పినా, మా మిద్దెమింద నుంచి చూస్తే దూకేవాడి మీసాలు గూడా కనపడతాయని. పద్మనాభయ్యగారు ఏమనుకున్నారో, 'అట్టనా, అయితే రేపు మేమూ వస్తాంలే' అనేసినారు. వద్దని ఎట్టంటా? నాలుగు వడలు వేసెయ్."

నాలుగు వడలంటే మినప్పప్పు అప్పుడు నానబెట్టాలి. ఆమె నానబెట్టింది. ఇంట్లో ఉన్నది ఒక్క కుర్చీ గనక, పక్కింటి ఎలిశబెతు టీచరమ్మను అడిగి రెండు కుర్చీలు తెచ్చింది. కుర్చీలతోపాటు టీచరమ్మ, ఆమె తల్లి, ఇద్దరు మేనకోడళ్ళు కూడా వచ్చారు. కుర్చీలిచ్చినవాళ్ళను రావద్దని ఏ నోటితో అంటుంది? ఇంకొంచెం పప్పు నానబెట్టింది.

పప్పు రోట్లో పడేసరికి వీధిలో "శేషా!" అని కేక. వాకాటినుంచి అక్క పిచ్చమ్మ, అత్తగారిని, ఆడబిడ్డలను, ఆడబిడ్డల పిల్లలను వెంటబెట్టుకుని బస్సు దిగింది.

"మీ ఆయన పొయిన వారం మా ఊరి సంతలో కనపడి చెప్పినాడే. 'ఎగ్జిబిషను మొత్తం మా మిద్దెమింది నుంచే కనపడుతుండాది, ఎప్పుడైనా రండి' అని. మా అత్త పీకిపెట్టింది, పోదాం పోదాం అని."

ఎప్పుడైనా రమ్మనడం పెద్దమనుషుల మాట. ఆదివారమే రావడం చుట్టాల పద్ధతి. ఆ రెంటి మధ్యా నలిగేది పొయ్యి దగ్గర ఉన్న మనిషి. వెంకటశేషమ్మ రోలు దగ్గర కూర్చుంది. దూకేవాణ్ణి తాను చూస్తానా అన్న అనుమానం ఆమెకు మొదటిసారి అప్పుడే వచ్చింది.

పొద్దు వాలింది. పద్మనాభయ్య భార్యతో రిక్షా దిగాడు. చెంచురామయ్య వీధిలోకి పరుగెత్తి వంగి వంగి తీసుకుపోయి, మిద్దె మీద ముందు వరసలో కూర్చోబెట్టి, తాను పక్కన పడక్కుర్చీలో ఒక అంచున కూర్చున్నాడు. ఆ వీధిలో అంతమంది పోగవడం చూసి హజరత్తయ్య ఎక్కడినుంచో ఊడిపడి డోలు దించాడు. పద్మనాభయ్యకు గారడీ ఇష్టం. "బాగుందయ్యా, ఇదెక్కడి ఏర్పాటు!" అన్నాడు. చెంచురామయ్య, అది కూడా తన ఏర్పాటే అయినట్టు తల వంచుకుని నవ్వాడు.

ఆట ముగిసింది. జనం చూస్తే మిద్దె మీద ఉన్నారు. పళ్ళెం పట్టుకుని పైకి ఎక్కితే మారాజుగారికి కోపం వస్తుందేమోనని హజరత్తయ్య మొహమాటపడ్డాడు. పెరటి తలుపు దగ్గర బియ్యం పోసే తల్లి ఇల్లే గదా అన్న ధైర్యంతో, మెట్ల మొదట పళ్ళెం పెట్టి, దిగేటప్పుడు ఎవరికి తోచింది వాళ్ళే వేస్తారని, కొడుకును తీసుకుని టీ నీళ్ళకు పోయాడు.

అప్పుడే దారిన పోతున్న ఒకాయన తలెత్తాడు. మిద్దె మీద తలలు. మెట్ల మొదట పళ్ళెం. పళ్ళెంలో అప్పటికే ఎవరో వేసిన చిల్లర. ఆయనకు సంగతంతా అర్థమైపోయింది.

"మిద్దె ఎక్కేదానికి ఎంతబ్బా?" అని అడిగాడు, మెట్ల మీద కూర్చున్న పిచ్చమ్మ అత్తగారిని.

ఆమెకు చెవుడు. వీధిలో ఆట చూసినవాళ్ళు వేస్తున్నారని మాత్రం తెలుసు. "నీకు తోచింది వెయ్యి నాయనా" అంది.

ఇంత ధర్మమైన రేటు నెల్లూరులో ఎక్కడా లేదు. ఆయన వేసి పైకెక్కాడు. వెనక ఇద్దరు. వాళ్ళ వెనక ఒక సంసారం. రావడం మొదలయ్యాక ఇక ఆగలేదు.

పైన చెంచురామయ్య, వెనక కిక్కిరిసిన జనాన్ని చూసి, 'దీని అక్క వాకాడంతా తోలుకొచ్చినట్టుందే' అని పళ్ళు కొరుక్కున్నాడు. పిచ్చమ్మ, వీళ్ళంతా ఓనరుగారి మనుషులేమోనని ఒదిగి నిలబడింది. ఓనరుగారు, గుమాస్తాకు ఇంత బలగం ఉందా అని కొంచెం మర్యాదగా చూశాడు. ఇక పొయ్యి దగ్గర ఉన్న వెంకటశేషమ్మ, కిందికి దిగివచ్చి "అమ్మా, ఇంకా వడలుండాయా?" అని అడిగిన ప్రతి మొహాన్నీ ఎవరో ఒకరి చుట్టం కింద జమకట్టుకుని, మూకుడు దించకుండా వేస్తూనే ఉంది. టిక్కెట్టుతోపాటు వడలు కూడా ఇస్తారన్న మాట అప్పటికే వీధి మలుపు దాకా పోయింది.

ఎగ్జిబిషనులో నిప్పుమనిషి నిచ్చెన ఎక్కాడు. కొసకు చేరి, అలవాటు ప్రకారం నాలుగు దిక్కులకూ దణ్ణం పెడుతూ, ఒక దిక్కున మిద్దెనిండా జనాన్ని చూసి ఆగిపోయాడు. కింద టిక్కెట్టు కొన్నవాళ్ళకంటే అక్కడే ఎక్కువ మంది ఉన్నట్టు తోచి, అటువైపు తిరిగి ఇంకో దణ్ణం పెట్టాడు. మిద్దె మొత్తం చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఎగ్జిబిషను మేనేజరు క్రీస్తురాజు విన్నాడు.

దూకడం ఆపించి, ఇద్దరు గేటుమనుషులను వెంటబెట్టుకుని ఆయన తిన్నగా ఇక్కడికి వచ్చాడు. మెట్ల దగ్గర ఆగి పళ్ళెం చూశాడు. ఆయన చూస్తుండగానే ఒకాయన అందులో బిళ్ళ వేసి పైకెక్కాడు. ఇక అడగవలసిందేమీ లేకపోయింది.

"ఎవురయ్యా ఇంటి యజమాని?"

చెంచురామయ్య దిగి వచ్చాడు. మెట్లనిండా జనం. పైనుంచి పద్మనాభయ్య తొంగి చూస్తున్నాడు. వెంకటశేషమ్మ చేతికి పిండి అంటుకుని ఉండగానే వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"మేము మైదానం బాడిగకు తీసుకొని, మనుషుల్ని పెట్టి ఆట ఆడిస్తుంటే, మీరు మిద్దెమింద టిక్కెట్లు అమ్ముకుంటారా? పదండి పోలీసుస్టేషనుకు!"

"టిక్కెట్లా? నేనా? అయ్యో, వీళ్ళంతా మా చుట్టాలండీ!"

"చుట్టాలు పళ్ళెంలో బిళ్ళలేసి వస్తారా?" క్రీస్తురాజు పళ్ళెం ఎత్తి చూపించాడు. "ఇది ఎవురిది?"

వెంకటశేషమ్మకు పళ్ళెం చూడగానే తెలిసిపోయింది, అది ఎవరిదో, అక్కడ ఎందుకుందో. హజరత్తయ్య పేరు ఎత్తితే ఈ గేటుమనుషులు వీధిలోనే వాడి ఎముకలు విరగ్గొడతారనీ తెలిసింది. ఆమె ఆలోచించుకుంటూ మొగుడివైపు చూసింది. ఆయనే ఏదో ఒకటి చెప్పి సర్దుతాడనుకుంది. మిల్లులో ఎంతమంది రైతులకు సర్దిచెప్పిన మనిషి!

చెంచురామయ్య మెట్లవైపు చూశాడు. ఓనరుగారి కళ్ళు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకేం తెలవదండీ. నేను పైన ఉండాను. కింద సంగతంతా మా ఆడమనిషి చూసుకుంటుంది. ఆమె పెట్టిందేమో... తెలవక చేసుంటుంది. ఆడవాళ్ళకు చిల్లరంటే ఆశ గదండీ."

పిచ్చమ్మ అత్తగారు చెవిటిదైనా ఆ మాట మాత్రం ఆమెకు వినిపించింది. "అయ్యయ్యో, పల్లెలో ఎంత మర్యాదగా ఉండేదమ్మా ఈ పిల్ల!" అంది. ఓనరుగారి భార్య ముక్కుమీద వేలేసుకుంది.

వెంకటశేషమ్మ చేతికున్న పిండి కొంగుకు తుడుచుకుంది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

"పదండి సార్," అంది క్రీస్తురాజుతో. "ఏం చెప్పాల్నో ఆడికొచ్చే చెప్తా."

ఎగ్జిబిషను గేటులోంచి ఆమె లోపలికి పోవడం అదే మొదటిసారి. రెండు పక్కలా గేటుమనుషులు నడుస్తుంటే, బొమ్మల అంగళ్ళవాళ్ళు, అప్పడాలవాళ్ళు, పిల్లలు ఆమెను వింతగా చూశారు. ఆమె తలవంచుకుని డేరాదాకా నడిచింది. వెనకనుంచి పరుగు వినిపించినప్పుడు, ఆఖరికి ఆయనే వస్తున్నాడనుకుని ఆగింది.

వచ్చింది హజరత్తయ్య. టీ అంగడి దగ్గర ఎవరో చెప్పారట. రొప్పుతూ మేనేజరు కాళ్ళమీద పడ్డాడు.

"ఆ పళ్ళెం నాది సామీ! ఆ తల్లికేం తెలవదు. నేనే ఆడపెట్టి టీ తాగను పొయినా. కొడతారా, నన్ను కొట్టండి!"

క్రీస్తురాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన గుంటూరునుంచి మద్రాసుదాకా ఊరూరా డేరా వేసిన మనిషి. అబద్ధం ఎట్లా ఉంటుందో చూస్తే తెలుస్తుంది. హజరత్తయ్యను లేపి పళ్ళెం చేతికిచ్చాడు.

"పోవయ్యా. ఇంకోసారి ఎవురి మెట్లకాడా పెట్టొద్దు." తర్వాత వెంకటశేషమ్మవైపు తిరిగాడు. "అమ్మా, మరి మీ వారు అట్టా చెప్పినారేంది?"

"ఆయనకు దూకేవోణ్ణి చూసే తొందర," అంది ఆమె.

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "నేను మనసులో ఏం పెట్టుకోనులేమ్మా. కానీ నా కష్టం నాది. మీ మిద్దెకు అడ్డం ఎక్కడ కట్టాల్నో కిందనుంచి తెలవడంలేదు. ఒక పని చెయ్యండి. రాట్నం ఎక్కి పైనుంచి ఎక్కడెక్కడ సందుండాదో చూపించండి. మావాడు గుర్తు పెట్టుకుంటాడు."

పెట్టెలో ఒకపక్క ఆమె, ఎదురుగా గేటుమనిషి కూర్చున్నారు. రాట్నం కదిలింది. ఆమె కడ్డీ గట్టిగా పట్టుకుంది. డేరాలు కిందికి పోయాయి, దీపాలు కిందికి పోయాయి. ఊరంతా ఒక్కసారిగా విచ్చుకుంది. పెన్నా ఇసుక తెల్లగా కనిపించింది. సముద్రంవైపు చీకటి పడుతోంది. ఇన్నేళ్ళు ఆమెకు ఎవరో ఒకరు చేతులతో చూపించిన ఎత్తు ఇది. కళ్ళనిండా చూద్దామనుకుంది.

కానీ పెట్టె కొసకు చేరి ఆగినప్పుడు ఎదురుగా వచ్చింది తన మిద్దే.

బాగానే కనిపించింది, మీసాలతో సహా. పరాయి జనాన్ని దింపేసినట్టున్నారు. ఓనరుగారు ఉన్నాడు. అక్క ఉంది. చెంచురామయ్య ఇప్పుడు కుర్చీ అంచున లేడు, వెనక్కి వాలి కూర్చున్నాడు. ఒళ్ళో వడల పళ్ళెం ఉంది. వడ విరిచి ఓనరుగారికి ఇస్తూ, నిచ్చెన కొసవైపు వేలు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. ఆపిన ఆట మళ్ళీ మొదలైంది. నిప్పుమనిషి భగ్గున మండుతూ దూకాడు. మిద్దె మీద అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది ఆయనే. గేటువైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

వెంకటశేషమ్మ దూకేవాణ్ణి చూడలేకపోయింది. ఆమె చూపు వేరే చోట ఉండిపోయింది.

"యాడమ్మా కట్టాల్సింది?" అన్నాడు గేటుమనిషి.

ఆమె చెయ్యి చాపి చూపించింది. "ఆ వేపచెట్టు కాడనుంచి ఆ దీపస్తంభం దాకా. ఎత్తుకు ఇంకో రెండు తడికెలు వెయ్యండి, లేకపోతే కుర్చీమింద నిలబడి చూస్తాడు. ఆ మూల సందు వదలొద్దండి. అది ఆయనకు తెలుసు."

మరునాడు చెంచురామయ్య మిల్లునుంచి వచ్చి కాఫీగ్లాసుతో మిద్దె ఎక్కేసరికి, ఎదురుగా తాటాకు తడికెలు తప్ప ఏమీ లేవు. కుర్చీ ఎక్కి చూశాడు. మూలకు పోయి చూశాడు. అంత కచ్చితంగా కట్టినవాణ్ణి తిట్టిపోసి, క్రీస్తురాజుతో తేల్చుకుంటానని చరచర పోయాడు. పోయినంత వేగంగానే తిరిగి వచ్చాడు.

"నువ్వే దగ్గరుండి చూపించినావంట గదే!"

"ఔను."

"బుద్ధుందా? మన మిద్దెకు మనమే అడ్డం కట్టించుకుంటామా? పద్మనాభయ్యగారు మళ్ళా ఆదివారం వస్తానన్నారే! నేనేం చెప్పేది?"

"నాకేం తెలవదని చెప్పండి. కింద సంగతంతా మా ఆడమనిషి చూసుకుంటుందని చెప్పండి," అంది వెంకటశేషమ్మ. "నిన్న బాగానే చెప్పినారు గదా."

చెంచురామయ్య చాలారోజులు భార్యతో మాట్లాడలేదు. ఆమెకు అది పెద్ద తేడాగా కనిపించలేదు. ఒక సాయంత్రం మాత్రం మొహం వెలిగిపోతూ వచ్చి, జరిగిందంతా మరచిపోయినవాడిలా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇల్లు మారిపోదామే. ఇంతకంటే మంచిది దొరికింది. సినిమాహాలు వెనక సందు. గోడకు గోడే! బొమ్మ కనపడదనుకో, అయితేనేం, మాట పొల్లు పోకుండా వినపడుతుందంట. రోజుకు రెండాటలు!"

నెల తిరగకుండా సామాను బండికెత్తారు. కొత్త ఇంట్లో మొదటి సాయంత్రం చెంచురామయ్య గోడ పక్కన పడక్కుర్చీ వేసుకుని, చెవి ఆనించి కూర్చున్నాడు. నిజమే, మాట పొల్లు పోలేదు. సగం ఆటయ్యాక లోపల ఎవరో అరిచారు, ఏదో పగిలింది, హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. నవ్వో ఏడుపో తెలియక ఆయన కంగారుగా, "ఏమైందే? శేషా, ఏమైందంటావు?" అని వంటింటివైపు కేకేశాడు.

వెంకటశేషమ్మ పలకలేదు. ఆమె గోడకు అవతల, ఎలిశబెతు టీచరమ్మ పక్కన, ఆడవాళ్ళ బెంచీలో కూర్చుని ఉంది.